గ్లాసు మారితే నీళ్లు మారతాయా?

టెట్‌కు తయారవుతున్న మన యువతీయువకుల గదిలోకి వెళ్లండి. గోడ మీద ఒక చార్టు ఉంటుంది. పియాజే నాలుగు దశలు: ఇంద్రియ చాలక దశ, పూర్వ ప్రచాలక దశ, మూర్త ప్రచాలక దశ, అమూర్త ప్రచాలక దశ. దాని కింద కోల్‌బర్గ్ మూడు స్థాయులు, ఆరు దశలు. శిశు వికాసం, పెడగాజీ అనే భాగానికి 30 మార్కులు. ఏ వయసుకు ఏ దశ, ఏ దశకు ఏ పేరు అని రాత్రింబవళ్లు బట్టీ పడతారు. మార్కులు వస్తాయి. అదృష్టం బాగుంటే ఉద్యోగమూ వస్తుంది. బడికి వెళ్తారు. అక్కడ మధ్యాహ్న భోజనం వేళ ఏ పిల్లలు ఏ పిల్లల పక్కన కూర్చుంటున్నారో, ఎవరు ఎవరి గ్లాసు ముట్టుకోకుండా తప్పుకుంటున్నారో వారి కంటికి కనిపిస్తూనే ఉంటుంది. కానీ ఆ వరసకూ ఆ చార్టుకూ సంబంధం ఉందని వారికి ఎవరూ చెప్పలేదు.

సంబంధం ఉంది. ఆ చార్టులో కులం గుట్టు విప్పే సరుకు ఉంది. దాన్ని పక్కకు తీసి, పేర్లూ సంఖ్యలూ మాత్రమే మన చేతిలో పెట్టారు. ఇంకోవైపు నుంచి, పాశ్చాత్యుల సిద్ధాంతాలు మనకెందుకు, మన సంస్కృతిలోనే నైతిక విలువలు ఉన్నాయి కదా అనే పెద్దలు బయలుదేరారు. ఈ ఇద్దరితోనూ మనకు పేచీ ఉంది. మూడో పేచీ మన ఇంట్లోనే ఉంది. దాన్ని చివర్లో చెబుతాను. తప్పించుకోవడానికి కాదు, మొదటి రెండూ అర్థమైతేనే మూడోది బోధపడుతుంది కాబట్టి.

రెండు గ్లాసులు

జాఁ పియాజే 1896లో స్విట్జర్లాండ్‌లో పుట్టాడు. పిల్లలు ఎంత తెలుసుకున్నారని లెక్కపెట్టడం మానేసి, ఎలా ఆలోచిస్తున్నారని అడిగిన మనిషి. ఆయన చేసిన పరీక్షల్లో అందరికీ తెలిసింది నీళ్ల పరీక్ష. ఒకే కొలత ఉన్న రెండు గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోస్తారు. రెండూ సమానమేనని పిల్లవాడు ఒప్పుకుంటాడు. తర్వాత ఒక గ్లాసులోని నీళ్లను వాడి కళ్ల ముందే పొడవాటి సన్న గ్లాసులోకి వంపుతారు. ఇప్పుడు ఎందులో ఎక్కువ ఉన్నాయి? నాలుగైదేళ్ల బిడ్డ పొడవు గ్లాసును చూపిస్తాడు. ఏడెనిమిదేళ్లు వచ్చేసరికి అదే బిడ్డ నవ్వుతాడు. గ్లాసు మారింది గానీ నీళ్లు అవే కదా అంటాడు. కావాలంటే మళ్లీ వెనక్కి పోసి చూడమంటాడు.

ఇప్పుడు మన ఊరి టీ కొట్టుకు రండి. తెలుగు నేల మీద రెండు గ్లాసుల పద్ధతి అంటే ఏమిటో ఈ పత్రిక పాఠకులకు వివరించాల్సిన పని లేదు. టీ అదే. పాలు అవే. కాచిన చెయ్యి అదే. కానీ ఒక గ్లాసు లోపల, ఒక గ్లాసు బయట. ఒకరు తాగిన గ్లాసును వాళ్లే కడిగి బోర్లించాలి. ఏడేళ్ల బిడ్డ దాటేసిన మెట్టును డెబ్బై ఏళ్ల పెద్దమనిషి దాటలేదు. గ్లాసు ఆకారం మారితే నీళ్లు మారవని బిడ్డకు తెలిసింది. పట్టుకున్న చెయ్యి మారితే నీళ్లు మారతాయని పెద్దమనిషి నమ్ముతున్నాడు. ఈ నమ్మకానికి ఆచారమని పేరు పెట్టుకున్నాడు. శాస్త్రం చదివి మరీ సమర్థించుకున్నాడు.

బాబాసాహెబ్ చిన్నప్పుడు బడిలో గోనెపట్టా మీద విడిగా కూర్చున్నాడు. కుళాయి తిప్పుకునే హక్కు లేదు. బంట్రోతు వచ్చి నీళ్లు పోస్తేనే దాహం తీరేది, అతను రాని రోజున దాహమే. ఆయనే ఈ సంగతి రాసుకున్నాడు. ఆ గదిలో ఆలోచన వికసించనిది ఎవరికి? గోనె మీద కూర్చున్న బిడ్డకా? కుళాయిని కాపలా కాసిన పెద్దలకా? పియాజే చార్టు పట్టుకుని ఈ ప్రశ్న అడిగే శిక్షణా కళాశాల ఉంటే చూపించండి.

పదిహేను కప్పులు, కూలిన వంతెన

1932లో పియాజే పిల్లల నైతిక తీర్పుల మీద ఒక పుస్తకం తెచ్చాడు. అందులో పిల్లలకు జంట కథలు చెప్పి తీర్పు అడుగుతాడు. ఒక పిల్లవాడిని భోజనానికి పిలిచారు. వాడు తలుపు తోశాడు. తలుపు వెనక కుర్చీ మీద పదిహేను కప్పుల పళ్లెం ఉందని వాడికి తెలియదు. అన్నీ పగిలిపోయాయి. ఇంకో పిల్లవాడు అమ్మ లేనప్పుడు అలమర ఎక్కి జామ్ దొంగిలించబోయి ఒక కప్పు పగలగొట్టాడు. ఎవరిది పెద్ద తప్పు? చిన్న పిల్లలు చాలామంది పదిహేను కప్పులు పగలగొట్టినవాడిదే అన్నారు. తొమ్మిది, పదేళ్ల వాళ్లు అలా అనలేదు. వాడు కావాలని చేశాడా అని అడిగారు. పగిలిన కప్పుల లెక్క నుంచి మనసులోని ఉద్దేశానికి రావడమే నీతిలో ఎదుగుదల అని పియాజే గమనించాడు.

అంటరానితనానికి ఈ పరీక్ష పెట్టి చూడండి. మైల అన్నది ఉద్దేశాన్ని అడుగుతుందా? పొరపాటున తగిలినా మైలే. నీడ పడినా మైలే. మునిగిపోతున్నవాణ్ణి కాపాడడానికి పట్టుకున్నా మైలే. అక్కడ మనసుకు విలువ లేదు. కప్పుల లెక్కే ఉంది. బుద్ధుడు కర్మ అంటే చేతన అన్నాడు. అంటే ఉద్దేశమే కర్మ. యజ్ఞంలో ఎన్ని సమిధలు పడ్డాయి, ఏ మంత్రం ఏ స్వరంలో పలికారు అని లెక్కలు వేసుకుంటున్న కాలంలో ఆయన మనిషి మనసును నీతికి కేంద్రం చేశాడు. ఆ రోజుల్లో అది ఎంత పెద్ద తిరుగుబాటో మనం తరచు మరిచిపోతాం.

అదే పుస్తకంలో ఇంకో కథ ఉంది. ఒకడు యాపిల్ పళ్లు దొంగిలించి పారిపోతూ పాత వంతెన మీద నుంచి వెళ్తాడు. వంతెన విరుగుతుంది. వాడు నీళ్లలో పడతాడు. దొంగతనం చేయకపోయి ఉంటే వంతెన విరిగేదా? ఆరేళ్ల పిల్లల్లో నూటికి 86 మంది, దొంగతనం చేశాడు కాబట్టే వంతెన విరిగిందని అన్నారు. పదకొండు, పన్నెండేళ్ల వాళ్లలో అలా అన్నవారు 34 మందే. మిగతావారికి వంతెనకు యాపిల్ పళ్ల సంగతి తెలియదని అర్థమైంది. వంతెన పాతది, అందుకే విరిగింది.

ప్రకృతే శిక్ష వేస్తుందన్న ఈ పసితనపు నమ్మకాన్ని ఒక దేశం మొత్తానికి సిద్ధాంతంగా చేసి పెడితే ఏమవుతుంది? అదే పూర్వజన్మ కర్మ సిద్ధాంతం. వాడు పేదవాడుగా ఎందుకు పుట్టాడు? పోయిన జన్మలో పాపం చేశాడు. ఆమె భర్త ఎందుకు చనిపోయాడు? ఆమె జాతకం. ఆ బిడ్డ పాకీపని చేసే ఇంట్లో ఎందుకు పుట్టింది? దాని ప్రారబ్ధం. వంతెన విరిగితే కట్టిన కాంట్రాక్టర్ను అడగరు, పడినవాణ్ణి అడుగుతారు. బాబాసాహెబ్ తన చివరి గ్రంథం ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’లో ఈ సిద్ధాంతాన్ని విడదీసి చూపించాడు. పేదరికానికి పేదవాడి పోయిన జన్మే కారణమైతే సమాజానికీ రాజ్యానికీ బాధ్యత ఎక్కడిది? ఆ బాధ్యత తప్పించడానికే ఆ సిద్ధాంతం పనికివస్తుందని ఆయన తేల్చాడు. బుద్ధుడు కూడా సంయుత్త నికాయంలో శివకుడు అనే పరివ్రాజకుడికి ఇదే చెప్పాడు. మనిషి అనుభవించేదంతా పూర్వ కర్మ వల్లనే అనేవారు, కళ్లెదుట కనిపించేదాన్నీ లోకానికి తెలిసినదాన్నీ కాదంటున్నారని చెప్పాడు. పిత్తం వల్ల కలిగే బాధ ఉంది, ఋతువు మారడం వల్ల కలిగేది ఉంది, ఇతరుల దాడి వల్ల కలిగేదీ ఉంది అని లెక్కపెట్టి చూపించాడు. ఇతరుల దాడి! మనకు జరిగినవాటిలో పెద్ద వాటాకు ఇంతకన్నా సరైన పేరు ఉందా?

గోళీలాటలో ఎవరెవరు?

పియాజే నీతిని వెతకడానికి గుడికి వెళ్లలేదు, చర్చికి వెళ్లలేదు. వీధిలో గోళీలాడుకునే పిల్లల దగ్గర కూర్చున్నాడు. ఈ నియమం ఎవరు పెట్టారు? దీన్ని మార్చవచ్చా? అని అడిగాడు. చిన్న పిల్లలు ఆట నియమాలు పెద్దవాళ్లో దేవుడో పెట్టారనీ, మార్చకూడదనీ అన్నారు. వింత ఏమిటంటే, ఆడేటప్పుడు ఆ నియమాలను సరిగా పాటించనిది కూడా వాళ్లే. పది దాటిన పిల్లలు, అందరం ఒప్పుకుంటే మార్చుకోవచ్చు అన్నారు. తాము ఒప్పుకున్న నియమాన్ని గట్టిగా పాటించారు.

పై నుంచి వచ్చే నీతి ఒకటి, సమానుల మధ్య పుట్టే నీతి ఒకటి. మొదటిదాన్ని పరాయత్త నీతి అనీ, రెండోదాన్ని స్వాయత్త నీతి అనీ అంటారు. మొదటిది భయం మీద నిలబడుతుంది. రెండోది పరస్పర గౌరవం మీద నిలబడుతుంది. బిడ్డ మొదటిదాని నుంచి రెండోదానికి ఎలా వస్తుంది? ఉపన్యాసాల వల్ల రాదు, సమానులతో ఆడుకోవడం వల్ల, పోట్లాడుకోవడం వల్ల, రాజీపడడం వల్ల వస్తుందని పియాజే చెప్పాడు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. సమానులే లేని చోట ఆ నీతి ఎక్కడి నుంచి వస్తుంది? అంచెలంచెల అసమానత అని బాబాసాహెబ్ చెప్పిన వ్యవస్థలో ప్రతి బిడ్డకూ పైన ఒకరుంటారు, కింద ఒకరుంటారు, పక్కన మాత్రం ఎవరూ ఉండరు. పైవాడికి తల వంచడం, కిందివాడి తల వంచడం, ఈ రెండే నేర్చుకుంటుంది. వాడతో గోళీలాడవద్దని ఊళ్లోని తల్లి తన బిడ్డను లాక్కుపోయినప్పుడు నష్టపోయింది మన బిడ్డే అనుకుంటాం. అవమానం మన బిడ్డది, నిజమే. కానీ మనిషిగా ఎదిగే దారి మూసుకుపోయింది ఆ బిడ్డకు కూడా. ‘కుల నిర్మూలన’లో బాబాసాహెబ్ చెప్పింది ఇదే. కులం వల్ల హిందువు సానుభూతి కులం గడప దాటదు, వాడి మంచితనం కూడా కులానికి లోబడే ఉంటుంది. 1936లో అచ్చయిన ఆ పుస్తకంలోనే ఆయన నియమం వేరు, సూత్రం వేరు అని విడమరిచాడు. నియమం ఇది చెయ్యి అని చెబుతుంది, పాటించేవాడికి ఆలోచించే పని ఉండదు. సూత్రం మనిషిని ఆలోచించమంటుంది, నిర్ణయం తీసుకోమంటుంది, ఆ నిర్ణయానికి జవాబుదారీ చేస్తుంది. నియమాల మూటను మతం అనడానికి ఆయన ఒప్పుకోలేదు. పియాజే నాలుగేళ్ల ముందు జెనీవా పిల్లల్లో చూసిన తేడాను బాబాసాహెబ్ ఒక నాగరికత మొత్తంలో చూశాడు.

కోల్‌బర్గ్ నిచ్చెన

లారెన్స్ కోల్‌బర్గ్ (1927–1987) అమెరికావాడు. పియాజే దారిలోనే ముందుకు వెళ్లాడు. 1958లో చికాగోలో సమర్పించిన పరిశోధనతో ఆయన పని మొదలైంది. హైంజ్ కథ మీ అందరికీ తెలిసిందే. భార్య చావుబతుకుల్లో ఉంది. మందు కనిపెట్టినవాడు తయారీ ఖర్చుకు పది రెట్లు అడుగుతున్నాడు. హైంజ్ దగ్గర అంత సొమ్ము లేదు. దొంగిలించవచ్చా? అవునన్నా కాదన్నా కోల్‌బర్గ్‌కు ఒకటే. ఎందుకు అన్నదే ఆయనకు కావాలి. దెబ్బలు పడతాయనే భయం, నాకేమిటి లాభం అనే లెక్క, నలుగురూ మంచివాడనాలనే కోరిక, చట్టం అంటే చట్టమే అనే విధేయత, చట్టం కూడా మనుషుల ఒప్పందమే అనే అవగాహన, చివరికి న్యాయం అనే సూత్రం. ఇవి ఆరు మెట్లు.

ఈ నిచ్చెన మీద వచ్చిన విమర్శలు చిన్నవి కావు. ఆయన మొదట అడిగినవాళ్లందరూ మగపిల్లలే. ఆడవారి నైతిక ఆలోచన వేరే గొంతుతో మాట్లాడుతుందనీ, ఈ కొలబద్దకు అది అందదనీ 1982లో కారల్ గిలిగన్ నిలదీసింది. ఆరో మెట్టు మీద నిలబడిన మనుషులు పరిశోధనలో దొరకక, చివరికి దాన్ని కొలత పుస్తకంలో నుంచి కోల్‌బర్గ్ బృందమే తీసేసింది. మన పోటీపరీక్షల పుస్తకాల్లో మాత్రం అది ఇంకా మార్కులు తెస్తూనే ఉంది. 27 సంస్కృతుల్లో జరిగిన 45 అధ్యయనాలను 1985లో జాన్ స్నేరీ ఒకచోట పెట్టి చూశాడు. పై మెట్లు ఎక్కడైనా అరుదే, పల్లె సమాజాల్లో మరీ కనిపించలేదు.

ఇక్కడే మన అధ్యాపకులు జారిపోతారు. పల్లె పిల్లలు, కూలీల పిల్లలు, మొదటి తరం చదువుకుంటున్న పిల్లలు కింది మెట్టు మీద ఉంటారని అర్థం చేసుకుంటారు. కొలిచింది నీతినా, చదువుకున్నవాడి భాషలో వాదించే నేర్పునా? 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు వైపు నడిచినవారిలో బడి ముఖం చూడనివారే ఎక్కువ. ఇలాంటి ప్రజా చెరువులు, బావులు అందరివీ అని బొంబాయి శాసనమండలి 1923లోనే తీర్మానించింది. తీర్మానం ఉన్నా ఆచారం అడ్డం నిలబడింది. ఆచారాన్ని కాదని, దెబ్బలకు సిద్ధపడి, మేమూ మనుషులమేనని చాటడానికి వాళ్లు దోసిలి నిండా నీళ్లు తాగారు. ఆ మనుషులను కూర్చోబెట్టి హైంజ్ కథ చెప్పి ఉంటే ఎన్నో మెట్టు వచ్చేదో నాకు తెలియదు. వారు చేసిన పని ఏ మెట్టుదో మాత్రం తెలుసు. న్యాయసూత్రం కోసం నిలబడ్డ మనిషికి ఉదాహరణగా కోల్‌బర్గ్ మార్టిన్ లూథర్ కింగ్ పేరు చెప్పేవాడు. మహద్ సంగతి ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. మనకు తెలిసి కూడా మనం టెట్ తరగతిలో చెప్పం!

పిల్లల తెలివిని కొలిచేటప్పుడు కులం ఏం చేస్తుందో తెలుసుకోవాలంటే కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్ పల్లెల్లో చేసిన ప్రయోగం చూడండి. ఆరు, ఏడు తరగతుల మగపిల్లలు, పై కులాల వారు 321 మంది, కింది కులాల వారు 321 మంది. చిక్కుదారుల బొమ్మల్లో దారి కనుక్కోవాలి, కనుక్కున్నకొద్దీ డబ్బు. కులం ఎవరిదో చెప్పనప్పుడు రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. పేరు, ఊరు, తండ్రి పేరుతో పాటు కులం కూడా అందరి ముందూ చదివినప్పుడు కింది కులాల పిల్లల ఫలితం ఒక్కసారిగా పడిపోయింది. పిల్లలు అవే, బొమ్మలు అవే, తలలు అవే. నీళ్లు మారలేదు. గ్లాసు మీద పేరు రాశారు, అంతే.

అయితే కోల్‌బర్గ్‌ను పారేయమంటున్నానా? లేదు. ఆయన ఆలోచనకు మూలం జాన్ డ్యూయీ. కొలంబియాలో బాబాసాహెబ్‌కు పాఠం చెప్పిన డ్యూయీయే. ప్రజాస్వామ్యం ఓట్ల లెక్క మాత్రమే కాదు, కలిసి బతికే తీరు అని నేర్పిన గురువు. కోల్‌బర్గ్ కూడా చివరికి, నీతి పాఠం చెబితే రాదు, బడినే న్యాయంగా నడపాలి అని తెలుసుకున్నాడు. 1974లో మసాచుసెట్స్ రాష్ట్రం కేంబ్రిడ్జిలో క్లస్టర్ స్కూల్ అనే చోట విద్యార్థులూ ఉపాధ్యాయులూ సమానమైన ఓటుతో నియమాలు పెట్టుకునే పద్ధతిని నడిపించాడు. మన శిక్షణా కళాశాలల పుస్తకాల్లో నిచ్చెన బొమ్మ ఉంటుంది. ఆ బడి సంగతి ఎందుకు కనిపించదు? ఎందుకంటే నిచ్చెన అంటే ఈ దేశంలో కొందరికి ఇష్టం. సమానమైన ఓటు అంటే ఇష్టం లేదు.

‘మా సంస్కృతి వేరు’

ఇక రెండో పక్షం. రిచర్డ్ ష్వెడర్, మనమోహన్ మహాపాత్ర, జోన్ మిల్లర్ అనే ముగ్గురు ఒడిశాలోని భువనేశ్వర్ గుడి పట్టణంలో బ్రాహ్మణులనూ, అంటరానివారని ముద్రపడినవారినీ, అటు చికాగోలోని పిల్లలనూ పెద్దలనూ ఒకే ప్రశ్నలు అడిగి, 1987లో ఫలితాలు ప్రకటించారు. తండ్రి చనిపోయిన మర్నాడు పెద్దకొడుకు క్షవరం చేయించుకుని కోడిమాంసం తినడం భువనేశ్వర్ బ్రాహ్మణులకు అన్నిటికన్నా ఘోరమైన తప్పు. చెప్పకుండా సినిమాకు వెళ్లిన భార్యను, మళ్లీ వెళితే కొడతానని హెచ్చరించి, వెళ్లాక కొట్టిన భర్తది తప్పు కాదు. తండ్రి ఆస్తిలో ఎక్కువ భాగం కొడుకు తీసుకోవడమూ తప్పు కాదు. కాబట్టి నీతి దేశానికో తీరు, పియాజే కోల్‌బర్గుల కొలత ఇక్కడ చెల్లదు అని వాదం.

ఈ వాదాన్ని మన సంస్కృతి రక్షకులు కళ్లకు అద్దుకుంటారు. ఎలియట్ టూరియల్, ఆయన సహచరులు దీనికి చక్కని జవాబు చెప్పారు. తండ్రి ఆత్మకు కీడు జరుగుతుందనే నమ్మకం తీసేసి చూడండి, కోడిమాంసంలో తప్పేముంది? అక్కడ వేరుగా ఉన్నది నీతి కాదు, లోకం గురించిన నమ్మకం. ఇతరులకు హాని చేయరాదన్నది ఇద్దరికీ ఒకటే. ఏది హాని అన్న దగ్గర ఒకరు కల్పనను నిజమనుకున్నారు. బుద్ధుడు కాలాములకు చెప్పిన పద్ధతి ఈ కల్పనల మీద పెట్టిన పరీక్షే కదా! పరంపరగా వచ్చిందనో గ్రంథంలో ఉందనో నమ్మవద్దని, లోభం, ద్వేషం, మోహం మనిషికి మేలు చేస్తాయా కీడు చేస్తాయా మీరే చూసుకోమని కేసపుత్తంలో చెప్పింది ఆయనే.

ఇంకో మాట. ‘మా సంస్కృతి’ అని చెప్పే అధికారం ఎవరిది? దెబ్బలు కొట్టిన భర్తదా, తిన్న భార్యదా? 1994లో వైన్‌రిబ్, టూరియల్ ఇజ్రాయెల్‌లోని ద్రూజ్ సమాజాన్ని చూశారు. అక్కడ ఇంట్లో మగవాడిదే పెత్తనం. ఆ పెత్తనం అన్యాయమని అక్కడి ఆడవారిలో చాలామంది చెప్పారు. భయపడి లోబడుతున్నామనీ చెప్పారు. లోబడడం వేరు, ఒప్పుకోవడం వేరు. గ్లాసు కడిగి బోర్లించిన ప్రతి మాల, మాదిగ మనిషికీ ఈ తేడా తెలుసు. సంస్కృతి అని పైనుంచి చూసేవాడికే అది కనబడదు.

రాహులుడి ముందు నీళ్ల పాత్ర

మరి మన దగ్గర ఏముంది? మజ్ఝిమ నికాయంలో అంబలట్ఠిక రాహులోవాద సుత్తం ఉంది. రాహులుడు అప్పటికి ఏడేళ్లవాడని అట్ఠకథ సంప్రదాయం. బుద్ధుడు కొడుకు దగ్గరకు వెళ్లాడు. కాళ్లు కడుక్కున్నాడు. పాత్ర అడుగున కొంచెం నీళ్లు మిగిల్చి, కనిపిస్తున్నాయా అని అడిగాడు. తెలిసి అబద్ధమాడడానికి సిగ్గుపడని మనిషిలో సాధన ఇంతే మిగులుతుందన్నాడు. ఆ నీళ్లు పారబోసి చూపించాడు, పాత్రను బోర్లించి చూపించాడు. బిడ్డ కంటికి కనబడే వస్తువుతో మొదలుపెట్టడం ఎంత అవసరమో పియాజేకు రెండున్నర వేల ఏళ్ల ముందే ఆయనకు తెలుసు. తర్వాత అద్దం ఎందుకని అడిగాడు. చూసుకోవడానికి అన్నాడు బిడ్డ. అలాగే ప్రతి పనినీ చేసే ముందు, చేస్తున్నప్పుడు, చేశాక చూసుకోమన్నాడు. ఇది నాకు కీడు చేస్తుందా, ఇతరులకు కీడు చేస్తుందా, ఇద్దరికీనా? కీడైతే ఆపు, చేసేసి ఉంటే దాచకుండా చెప్పు, మేలైతే సంతోషంగా ఉండు.

ఇందులో నరకం బెదిరింపు లేదు. తండ్రి మాట కాబట్టి విను అని లేదు. దేవుడు చూస్తున్నాడని లేదు. చూసేవాడు ఆ బిడ్డే. అశోకుడు భాబ్రూ శాసనంలో భిక్షువులూ ఉపాసకులూ పదే పదే విని మననం చేయాలని ఏడు ధమ్మ పాఠాల పేర్లు చెక్కించాడు. అబద్ధం గురించి రాహులుడికి చేసిన ఈ బోధ అందులో ఒకటి. చక్రవర్తి తన రాజ్యంలోని పెద్దలకు ఒక పసివాడి పాఠాన్ని సూచించాడు!

ఉదానంలో ఇంకో ఘట్టం ఉంది. సావత్థి దగ్గర పిల్లలు చేపలు పట్టి హింసిస్తున్నారు. బుద్ధుడు ఆగాడు. తిట్టలేదు. మీకు నొప్పి అంటే భయమేనా, ఇష్టం లేదా అని అడిగాడు. భయమే అన్నారు. అక్కడి నుంచే మొదలుపెట్టాడు. తన నొప్పిని బట్టి ఎదుటి ప్రాణి నొప్పిని తెలుసుకోవడం. ఇంత చిన్న ప్రశ్నలో ఉన్నదానికే తర్వాతి వారు పరస్పరత అనీ, దృక్కోణం మార్చుకోవడమనీ పేర్లు పెట్టారు. పేర్లు పెట్టినందుకు వారికి కృతజ్ఞతలు. కానీ అంతకుముందు మన దగ్గర ఏమీ లేనట్టు మన పిల్లలకు చెప్పేవారికి మాత్రం ఈ రెండు సుత్తాలు చదివి వినిపించాలి.

ఇక మన ఇంటి పేచీ

ఇప్పుడు మూడో మాట. ధమ్మ బంధువులు నొచ్చుకోవద్దు. మన విహారాల్లో ఆదివారం పూట పిల్లల్ని ఎలా కూర్చోబెడుతున్నాం? త్రిశరణం, పంచశీలం పాళీలో అప్పజెప్పిస్తున్నాం. తప్పు పలికితే నలుగురిలో సరిదిద్దుతున్నాం. అర్థం అడిగితే పెద్దయ్యాక తెలుస్తుందంటున్నాం. 22 ప్రతిజ్ఞలు గడగడా చెప్పిన బిడ్డకు చప్పట్లు, ఎందుకు అని అడిగిన బిడ్డకు కళ్లెర్రజేయడం. కొన్ని ఇళ్లలో బాబాసాహెబ్ ఫొటో ముందు దండం పెట్టకపోతే పాపం అని కూడా పిల్లలతో అంటున్నాం. పాపం! ఏ మాటను నాగపూర్‌లో 1956 అక్టోబర్ 14న దించుకుని వచ్చామో ఆ మాట.

పంచశీలం ఆజ్ఞల జాబితా కాదు. ఐదింటిలోనూ చివర ఉన్నది, ఈ శిక్షాపదాన్ని నేను స్వీకరిస్తున్నాను అన్న మాట. శిక్ష అంటే అక్కడ దండన కాదు, అభ్యాసం. నువ్వు చంపకూడదు అని ఎవరో పై నుంచి అనడం లేదు, చంపకుండా ఉండడం నేర్చుకుంటాను అని మనిషే పూనుకుంటున్నాడు. దీన్ని భయంతో వల్లె వేయిస్తే పేరు ధమ్మం, పద్ధతి మనువుది అవుతుంది. మంత్రం మార్చి గురుకులాన్ని అలాగే ఉంచినట్టు అవుతుంది. గ్లాసు మార్చాం గానీ నీళ్లు అవే!

అభ్యాసం చేయించేవాళ్లు పెద్దవాళ్లు కాబట్టి చిన్నప్పుడు కొంత అప్పజెప్పక తప్పదు కదా అంటారు కొందరు. నిజమే, నాలుగేళ్ల బిడ్డతో చర్చలు పెట్టలేం. పాట నేర్పండి, పాళీ నేర్పండి. కానీ ఏడెనిమిదేళ్లు రాగానే ఎందుకు అన్న ప్రశ్నకు తలుపు తెరవండి. పదేళ్లు దాటిన పిల్లలతో విహారం నియమాలు వాళ్లనే పెట్టుకోనివ్వండి. చెప్పులు ఎక్కడ విడవాలి, ఖీర్ ఎవరు వడ్డించాలి, పోట్లాడుకున్నవాళ్లను ఎలా కలపాలి. వడ్డించే పని ఆడపిల్లలదేనా అన్నది కూడా వాళ్లనే తేల్చనివ్వండి. ఆ జవాబు మన పెద్దల్ని ఇబ్బంది పెట్టినా సరే.

హైంజ్ కథ బదులు మన కథలు చెప్పండి. బడిలో ఏకలవ్యుడి పాఠం వస్తే గురుభక్తి అని రాసి రమ్మంటారు. విహారంలో ఆ కథే చెప్పి, ద్రోణుడు అడిగింది న్యాయమా, అర్జునుడు ఎందుకు ఊరుకున్నాడు, అక్కడ నువ్వుంటే ఏం చేసేవాడివి అని అడగండి. జవాబు మనం చెప్పొద్దు. పిల్లలు ఒకరినొకరు ఎదిరించి మాట్లాడుకోనివ్వండి. మధ్యాహ్న భోజనం వండే ఉద్యోగాల్లో దళితులకూ, ఎస్సీ, ఎస్టీలకూ ప్రాధాన్యం ఇవ్వాలని 2004లో సుప్రీంకోర్టు చెప్పిన సంగతి చెప్పండి. ఆమె వండితే మా పిల్లలు తినరు అనే తల్లిదండ్రుల దగ్గరకు వెళ్లి నువ్వైతే ఏం మాట్లాడతావు అని పన్నెండేళ్ల బిడ్డను అడగండి. ఆ బిడ్డ చెప్పే జవాబు ఏ పరీక్షా పుస్తకంలోనూ ఉండదు.

టీచర్లయిన మనవాళ్లకు ఒక్క మాట. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బిడ్డను కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. కులం పేరుతో పిలవడం, వెనక బెంచీకి పంపడం, నీకు లెక్కలెందుకు అనడం కూడా వేధింపే. చార్టు మీద కోల్‌బర్గ్ మొదటి దశ పేరు శిక్ష, విధేయత అని మీరే బట్టీ పట్టారు. బెత్తం పట్టుకున్న రోజున తరగతి మొత్తాన్ని ఆ మొదటి మెట్టుకు మీరే కట్టేస్తున్నారు.

పిల్లల మనసు ఎలా ఎదుగుతుందో చెప్పిన ఈ శాస్త్రం మనకు శత్రువు కాదు. ఎవరి చేతిలో ఉందన్నదే సంగతి. మన పిల్లల్ని కింది మెట్టు మీద కూర్చోబెట్టడానికి వాడేవాడి చేతిలో అది మనుస్మృతికి కొత్త అట్ట. బిడ్డ ప్రశ్నకు దారి వేయడానికి వాడేవాడి చేతిలో అది ధమ్మానికి తోడు. వచ్చే ఆదివారం విహారానికి రెండు గ్లాసులు తీసుకెళ్లండి, ఒకటి పొట్టిది, ఒకటి పొడవుది. పిల్లల ముందు నీళ్లు వంపండి. వాళ్లు నవ్వాక, ఊళ్లో టీ కొట్టు గురించి అడగండి. ఆ తర్వాత మీరు మాట్లాడవద్దు. వాళ్లు మాట్లాడతారు.

జై భీమ్.